బట్టీ చదువే శ్రీరామరక్ష

పిల్లలు పాఠాలు బట్టీ పడుతున్నారని గుండెలు బాదుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బట్టీని మించిన వరం లోకంలో ఉందా? పాఠం నోటిదాకా వస్తుంది, బుర్రలోకి పోదు. ఇంటికీ బడికీ ఏ ప్రమాదమూ ఉండదు. సోషల్ మాస్టారుగా తల నెరిసినవాణ్ని, నా మాట నమ్మండి!

మా తొమ్మిదో తరగతి పుస్తకంలో ఒక పాఠం ఉంది. తెల్లవాళ్ల కోసం బస్సులో సీటు ఖాళీ చెయ్యమంటే, చెయ్యనని కూర్చున్న ఒక నల్లజాతి మహిళ కథ. ఏళ్ల తరబడి ఆ పాఠాన్ని నేను ఎంత క్షేమంగా చెప్పాననుకున్నారు! గైడులో అయిదు పాయింట్లు, కింద గీతలు, పక్కన 'ఇంపార్టెంటు'. పిల్లలు "అహింసే ఆమె ఆయుధం" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. బెల్లు కొట్టగానే గుమ్మం దగ్గర ఒకరి జుట్టు ఒకరు పట్టుకునేవారు. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఈ ఏడు నా ఖర్మ కాలి ఒక ట్రైనింగుకు వెళ్లాను. "పాఠం చెప్పకండి, చూపించండి" అన్నారక్కడ. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. బెంచీలతో బస్సు కట్టాను. డ్రైవరు వేషం నాదే! "లేస్తావా, పోలీసుల్ని పిలవనా?" అని వేలు ఆడిస్తూ గర్జించాను. నా నటనకు నాకే కళ్లు చెమర్చాయి.

ఇక్కడ మా బడి పద్ధతి ఒకటి మనవి చెయ్యాలి. నెలనెలా పరీక్ష మార్కుల్ని బట్టి సీట్లు మారతాయి. ఎక్కువ వచ్చినవాళ్లు ముందు, ఫ్యాను కింద. తక్కువ వచ్చినవాళ్లు వెనక, బాత్రూముల వైపు కిటికీ పక్కన. ఈ మహత్తర ఆలోచన ఎవరిదని అడగరేం? నాదే! దానికి నాకో షీల్డు కూడా ఇచ్చారు.

నాటకం ఆడిన మర్నాడే మార్కులు వచ్చాయి. ముందు బెంచీలో కళ్లద్దాల బక్కపిల్ల ఒకతి ఉంది. అందరూ పిచ్చుక అంటారు. ఈసారి జ్వరంతో పరీక్ష రాసి చతికిలబడింది.

"పిచ్చుకా, లేమ్మా. వెనక్కెళ్లు."

"లేవనండి, మాస్టారూ."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. పిల్ల గొంతు వణుకుతోంది గానీ మాట ఆగలేదు.

"వెనకనుంచి నాకు బోర్డు కనబడదండి. కనబడకపోతే మార్కులెలా వస్తాయి? మార్కులు రాకపోతే మళ్లీ ముందుకెలా వస్తాను?"

గైడులో ఈ ప్రశ్న లేదు! జవాబు తెలియనప్పుడు మాస్టార్లు చేసే పనే చేశాను, గొంతు పెంచాను. "లేస్తావా, హెడ్మిస్ట్రెస్ గారిని పిలవనా?" అని వేలు ఆడించాను.

వెనకనుంచి ఒక గుసగుస వినబడింది. "ఒరేయ్, మాస్టారు మళ్లీ డ్రైవరయ్యారు!"

పిల్లలు అల్లరి చేసి ఉంటే బతికిపోయేవాణ్ని. అల్లరికి మా దగ్గర మందుంది. కానీ ఫస్టు ర్యాంకు అమ్మాయి లేచి, చేతులు కట్టుకుని, గోడ పక్కన నిలబడింది. ఆ వెనకే క్లాసంతా! ఇంత మర్యాదగా ఎదురు తిరిగితే ఎవర్నని తిట్టను? ఫ్యాను ఖాళీ బెంచీల మీద తిరుగుతోంది. కూర్చున్నది పిచ్చుక ఒక్కతే.

హెడ్మిస్ట్రెస్ గదికి పరుగెత్తాను. కుర్చీలో కూలబడ్డానో లేదో, "అది కరస్పాండెంటు గారి కుర్చీ..." అన్నారావిడ. మాట పూర్తి కాకముందే లేచాను. ఆ పాఠం చెప్పినవాణ్ని నేనే సుమండీ! నిలబడే జరిగిందంతా చెప్పాను. ఆవిడ చిటికెలో తేల్చేశారు.

"ఆ పిల్లని వేరే సెక్షన్లో పడెయ్యండి. మిగతావాళ్లు వాళ్లే కూర్చుంటారు."

"అలాగే మేడమ్."

పంపించేద్దామనే క్లాసుకు వచ్చాను. పిచ్చుక మొహం పాలిపోయి ఉంది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆ వేళ్లు చూస్తే నాకు సిగ్గేసింది. అయినా మాస్టార్ని కదా, బోర్డు కనబడదన్నది వట్టి సాకని తేల్చేద్దామని చిట్టచివరి బెంచీలో కూర్చుని చూశాను.

బోర్డు మీద నా చేతిరాత నాకే ఆనలేదు.

అంతలో గుమ్మంలో హెడ్మిస్ట్రెస్. "ఏమిటిది మాస్టారూ? ముందు లేవండి!"

లేవలేదు. సాహసమనుకునేరు! బెంచీ ఇరుకు, మోకాళ్లు పట్టేశాయి. "ఇక్కణ్ణుంచి బోర్డు కనబడటం లేదు మేడమ్" అని మాత్రం అన్నాను. ఆవిడ ఇంకోసారి లెమ్మన్నారు. నేను ఇంకోసారి అదే చెప్పాను. ఆ పిల్ల ఏ సెక్షనుకూ వెళ్లదని కూడా చెప్పాను. నా గొంతూ వణికింది లెండి.

అందుకే పెద్దలారా, చేతులు జోడించి చెబుతున్నాను. పిల్లల చేత బట్టీ పట్టించండి! అర్థమయ్యేలా చెబితే పాఠం పిల్లలతో ఆగదు. చెప్పినవాడికి కూడా అర్థమైపోతుంది.