అరకప్పుల అపహరణ పర్వం

హిమపాతానికింకా ముహూర్తం కుదరని అక్టోబరు మాసాన, మిన్నెసోటా మండలాన, మంగళవారం ఉదయం పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలకు, నెస్సెట్ లూథరన్ చర్చి ఆఫీసనే రణరంగంలో, ముప్పై ఒక్క ఏళ్లుగా ఆదివారపు కరపత్రాలను ఒంటిచేత్తో అచ్చేయించిన అజేయ, స్టేప్లర్‌ధారిణి, ప్రింటర్‌మర్దిని, సెక్రటరీ మార్లిస్ ట్వైట్ కంప్యూటర్ తెర మీద శవాల గుట్టను చూస్తూ నిలబడింది.

అవి అరకప్పుల శవాలు.

చర్చి నూట ఇరవై అయిదో వార్షికోత్సవానికి వేస్తున్న వంటల పుస్తకంలో మూడు వందల పన్నెండు వంటలున్నాయి. శుక్రవారం దాకా సర్వాంగసుందరంగా ఉన్న ఆ పుటల్లో అర, పావు, ముప్పావు ఉండాల్సిన ప్రతిచోటా అంకెకు బదులు ఒక ఖాళీ చదరపు డబ్బా నోరు తెరుచుకుని ఉంది. ఉప్పు, ఖాళీ డబ్బా చెంచా. వెన్న, ఖాళీ డబ్బా కప్పు. ఆ భిన్నాల గుర్తుల కోసం ఏరికోరి తెచ్చిపెట్టుకున్న ఇరవై రెండు ఫాంట్లలో, అంటే అక్షరాల అచ్చుల్లో, ఒక్కటంటే ఒక్కటి కూడా ప్రాణాలతో మిగల్లేదు.

పన్నెండింటికి ఫైలు ప్రెస్సుకు చేరకపోతే ఆదివారం విందుకు పుస్తకం రాదు. చేత్తో దిద్దుకుంటూ కూర్చుంటే క్రిస్మస్ దాటుతుంది. పోయినేడు కన్నుమూసిన మార్లిస్ తల్లి ఏలకుల రొట్టె నలభై ఏడో పేజీలో ఉంది. బతికినన్నాళ్లూ ఆ కొలతలు ఎవరికీ చెప్పని ఆవిడ, చివరి వారంలో కూతురికి చెప్పింది, అచ్చులోకి రావాలని. ఆ మాట మార్లిస్ ఎవరితోనూ అనలేదు.

ఆమె యుద్ధం ప్రకటించింది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టింది. తీగ పీకి మళ్లీ గుచ్చింది. రెండు దండయాత్రలూ విఫలమయ్యాక, ఫాంట్ల కోటలోకి చొచ్చుకుపోయి, అట్టడుగున ‘తొలగించినవి’ అనే పాతాళగృహాన్ని కనిపెట్టింది. ఇరవై రెండు ఫాంట్లూ అక్కడే బందీలుగా ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం నాలుగూ నలభైకి తొలగించారని రాసి ఉంది. తీసిందెవరో మాత్రం లేదు. తీసినవాళ్ల పాస్‌వర్డ్ కొడితే తప్ప తలుపు తెరుచుకోదు.

ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డులున్నది నలుగురికి. తనది కొట్టి చూసుకుంది. పనిచేయలేదు. మిగిలిన ముగ్గురూ మంగళవారపు కాఫీకి పక్కనే వంటగదిలో కూర్చుని ఉన్నారు. మార్లిస్ గుమ్మంలో నిలిచి, దిక్కులు పిక్కటిల్లేలా గర్జించింది.

“ఎవరినీ ఏమీ అనడం లేదండీ. ఫాంట్లు కాస్త కనబడటం లేదు, అంతే.”

వెంటనే నేరాంగీకారాలు శరపరంపరగా కురిశాయి. పాస్టర్ క్విస్ట్ తానే అయ్యుంటానన్నాడు. శుక్రవారం ప్రసంగం అచ్చు తీసుకుంటూ కీబోర్డు మీద మోచెయ్యి ఆనించాడట. ఆయన పాస్‌వర్డ్ కొట్టారు. తలుపు కదల్లేదు. ఆర్గాన్ వాయించే డెల్మర్ తల వంచుకుని ముందుకొచ్చాడు.

“శుక్రవారం నేను అంత దూరాన ఫార్గోలో పన్ను పీకించుకుంటున్నాననుకో. అయినా నేనే అయ్యుంటాను, మార్లిస్.”

అతని పాస్‌వర్డ్ కూడా వీరమరణం పొందింది. ఉత్తరాలివ్వడానికి వచ్చిన పోస్ట్‌మన్ సైతం విషయం విని, ఎందుకైనా మంచిదని క్షమాపణ చెప్పి వెళ్లాడు.

పదకొండూ యాభై ఒకటి.

అప్పుడు మార్లిస్ బుర్రలో మెరుపు మెరిసింది. నిర్దోషులందరూ నేరం ఒప్పేసుకున్నారు. ఒప్పుకోనిది ఒక్కరే.

నలభై ఏళ్లుగా వంటగది కమిటీ సింహాసనాన్ని ఏలుతున్న ఆర్డిస్ హాల్వర్సన్, డెబ్బై ఎనిమిదేళ్ల ఆ గరిటెసామ్రాజ్ఞి, తొణక్కుండా కాఫీ పోస్తోంది. ప్రతి శుక్రవారం సరస్సు ఒడ్డున విడిది క్యాబిన్‌కు బయల్దేరే ముందు దారిలో కనబడిందల్లా సర్ది తప్ప కారెక్కని మనిషి. ఒకే పేరుతో రెండేసి ఫాంట్లున్నాయంటూ తెర మీద పసుపుపచ్చ హెచ్చరికలు కనబడితే ఆమె చూస్తూ ఊరుకోగలదా? ఊడ్చేసి ఉంటుంది.

“ఎవరో గానీ మరీ అజాగ్రత్త మనుషులు,” అంది ఆర్డిస్, నిమ్మకాయ మిఠాయి ముక్కల పళ్లెం ముందుకు జరుపుతూ. “ఇంకో లెమన్ బార్ తీసుకో, మార్లిస్.”

పాస్‌వర్డ్ అడగడమంటే నేరం మోపడమే. ఆ చర్చిలో ఒకరి తప్పు ఒకరి మొహం మీద చెప్పిన దాఖలా పునాదిరాయి పడ్డనాటి నుంచీ లేదు. ఆర్గాన్ ఎక్కడ పెట్టాలనే తగాదాను రెండు కుటుంబాలు ముప్పై ఏళ్లు నడిపాయి, ఒకరు చేసిన వంటకం ఒకరు తినకుండా, చిరునవ్వు చెరగకుండా.

పదకొండూ యాభై నాలుగు. మార్లిస్ లెమన్ బార్‌ను తిరస్కరించింది. అంతటితోనే గదిలో సగం గాలి ఆగిపోయింది. పిమ్మట ఆ వీరాంగన పలికిన ఒకే ఒక్క వాక్యానికి డెల్మర్ ఫోర్కు నోటి ముందే నిలిచిపోయింది. పాస్టర్ నేల చూపులు చూస్తూ ప్రార్థనలో మునిగాడు. ఆర్డిస్ ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుని, ఆఫీసులోకి నడిచి, అరచెయ్యి అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టింది. ఇరవై రెండు ఫాంట్లూ చెరవిముక్తి పొంది స్వస్థానాలకు పరిగెత్తాయి. నలభై ఏడో పేజీలో ఏలకులు తిరిగి అర చెంచా అయ్యాయి. పదకొండూ యాభై తొమ్మిదికి ఫైలు ప్రెస్సుకు చేరింది. సామ్రాజ్యాలేవీ కూలలేదు, అర చెంచా గెలిచింది. గెలిపించిన ఆ మహావాక్యాన్ని మార్లిస్ ట్వైట్, శత్రువు కళ్లలోకి సూటిగా, అంటే ఆమె భుజం పక్కనున్న ఫ్రిజ్‌కేసి చూస్తూ, ఇలా పలికింది:

“ఏమీ అనుకోకండి ఆర్డిస్ గారూ, తీసింది మీరే.”