అక్షింతల చాటు పెళ్ళి

పాలకొల్లులో ముహూర్తం చూసే పని ఎక్స్‌రే ఉపగ్రహానికి అప్పగించిన దగ్గర్నుంచి ఏ పెళ్ళీ ఆలస్యం కాలేదు. ఎక్కడో చుక్క నుంచి బయల్దేరిన కిరణం సెకనులో పదిలక్షో వంతు తేడా లేకుండా ఎప్పుడు చేరిందో చెప్పడం దాని అసలు ఉద్యోగం. అంతటి పనితనాన్ని ఆకాశంలో ఊరికే తిప్పడమెందుకని పెళ్ళిళ్ళ శాఖవారు డెప్యుటేషన్ మీద కిందికి దించారు. అది వేళకి వచ్చి, రెక్కలు ముడుచుకుని, పురోహితుడి పక్కన పీట మీద కూచుని, ఇచ్చిన మజ్జిగ కాదనకుండా తాగేది. అది చూసి రాసిందే పెళ్ళి.

పెళ్ళికూతురు హేమనళినికి దాని మీద మహా గురి. అది రాకముందు ఆమె పెళ్ళి ముహూర్తం ఒకసారి దాటిపోయింది, పెళ్ళికొడుకు మేనమామ గడ్డం గీయించుకుంటూ ఉండిపోయాడు మరి. ఇదీ తప్పితే మూఢం వచ్చిపడుతుంది. పెళ్ళికొడుకు బంగార్రాజు లాంటి మంచివాడు అన్నాళ్ళు ఆగినా, అతని చుట్టాలు ఆగనిస్తారా?

తెరకి అటూ ఇటూ ఇద్దరూ జీలకర్రా బెల్లం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఇంకా వేళ కాకుండానే మేనత్త వీరరాఘవమ్మ సంతోషం పట్టలేక గుప్పెడు అక్షింతలు విసిరింది. ఆవిడ విసిరాక మిగతావాళ్ళు ఊరుకుంటారా, పందిరంతా విసిరింది. ఉపగ్రహానికో బలహీనత ఉంది. కిరణం తగలగానే వేళ రాసుకుంటుంది, రాసుకుంటున్నంతసేపూ దానికేమీ కనబడదు. ఒక్కో గింజనీ ఒక్కో కిరణమనుకుని అది రాసుకుంటూ కూచుంది. ఈలోగా ముహూర్తం వచ్చింది, జీలకర్రా బెల్లం పెట్టారు, తాళి కట్టారు.

అక్షింతలు ఆగాక, పెళ్ళి జరిగినట్టు ఆధారం లేదని ఉపగ్రహం ప్రకటించింది. హేమనళిని తమాయించుకుని, మీరు చూడనప్పుడు జరిగినదాన్ని ఏమంటారని మర్యాదగా అడిగింది.

“ఏమీ అనమండి. జరిగిందనీ రాయం, జరగలేదనీ రాయం.”

“అయితే వద్దనేవాళ్ళూ ఉండరన్నమాట.”

“చూస్తేనే కదండీ వద్దనేది.”

ఆమె మొహం వెలిగిపోయింది. “అత్తా, ఇంకో బస్తా విప్పించు,” అంది.

ఏడడుగులూ, అప్పగింతలూ, విందూ ఆ జల్లులోనే కానిచ్చారు. అంత సందడి పెళ్ళి ఊళ్ళో ఎవరూ ఎరగరు. ఆ పద్ధతి అందరికీ నచ్చింది. ఇప్పుడక్కడ ఎవరూ అక్షింతలు చల్లకుండా సంతోషపడరు. శాఖవారి లెక్కలో పాలకొల్లులో పెళ్ళిళ్ళు లేవు, పిల్లలు లేరు, బియ్యం వాడకం మాత్రం విపరీతం.

మొన్న హేమనళిని కూతురికి అక్షరాభ్యాసం చేశారు. పళ్ళెంలో బియ్యం మీద ‘అ’ దిద్దించబోతే, ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల గుప్పెడు బియ్యం తీసి పైకి చల్లింది. ఆ తర్వాతే నవ్వింది.