వీధిలోంచి జరిగిపోయిన ఇల్లు

కూతురు లహరికి రెండో ఏడు నడుస్తున్నప్పటి నుంచి గిరిధర్, ఇందుమతుల ఇల్లు వీధిలోంచి వెనక్కి జరుగుతూ వస్తోంది. మొదట్లో జానెడు జరిగేది, తర్వాత బారెడు. పిల్లకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి పునాదితో, తులసికోటతో, మేడమీది నీళ్ళ ట్యాంకుతో సహా కాలనీ వెనక చేలకు నీళ్ళు పారే పంటబోదె దాటి, ఎవరిదో మినపచేలో నిలబడింది. గోడలు బీటలు తీయలేదు. అలమారలో గ్లాసు కూడా పక్కకు జరగలేదు. ఒక్క ఇల్లు మాత్రమే జరిగింది.

పట్టణంలో ఇళ్ళు ఇలా జరగడం కొత్తేమీ కాదు కనుక మున్సిపాలిటీలో దానికొక సెక్షను ఉంది. ఆ సెక్షను సర్వేయరు సూర్యచంద్రరావు నెలకోసారి వచ్చి టేపు పట్టుకుని కొలిచి, ఇందుమతి ఇచ్చిన మజ్జిగ తాగి, 'గృహచలనం: సాధారణం' అని రాసుకుని వెళ్ళేవాడు. ఇల్లు ఎక్కడుంటే అక్కడ ఇంటిపన్ను కట్టాలి. ఇల్లు వదిలి వచ్చిన చోటికి ఖాళీ స్థలం పన్ను కట్టాలి. గిరిధర్ రెండూ కట్టేవాడు. ఆయన రైస్ మిల్లులో గుమస్తా. ఏటేటా పనికి కాస్త ముందుగా బయల్దేరేవాడు, అంతే.

లహరి నడవదు. మాటలు రాలేదు. అప్పుడప్పుడు మూర్ఛ వస్తుంది. అన్నం మెత్తగా మిక్సీ పట్టి, పొట్టకు అమర్చిన గొట్టంలోంచి పోయాలి. గొంతులో కఫం చేరినప్పుడల్లా మెషిన్ పెట్టి లాగాలి, లేకపోతే ఊపిరాడదు. కుక్కరు విజిల్ వేస్తే మాత్రం ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వుతుంది. ఆ నవ్వు కోసం ఇందుమతి ఉడికిన పప్పుకే ఇంకో విజిల్ రానిచ్చేది. ఆ ఇంట్లో పప్పెప్పుడూ గంధంలా ఉండేది.

మెషిన్ కరెంటుతో నడుస్తుంది. కరెంటు వీధి చివరి స్తంభం నుంచి సర్వీసు వైరు మీద వస్తుంది. ఆ వైరు ఇల్లు జరిగినకొద్దీ సాగి సాగి, ఈ ఏడు వేసవికల్లా పిచ్చుక వాలితే ఝుమ్మని మోగేంత బిగువుగా తయారైంది.

"ఇంకో రెండు మూరలు జరిగిందంటే తెగిపోద్దమ్మా," అన్నాడు లైన్‌మన్, వైరు కింద నిలబడి తల గోక్కుంటూ.

"ఇటు పక్కకి ఇంకో స్తంభం వెయ్యరాదా నాయనా?"

"స్తంభం వీధిలోనే వెయ్యాలండి. ఇళ్ళుంటేనే వీధి. ఇదొక్కటే ఇల్లు. ఒక్క ఇల్లుంటే వీధి కిందికి రాదండి మాకు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు ఇందుమతికి. ఆ రోజు నుంచి ఆమె పనులన్నీ ఒక చెవి మెషిన్ మీద, ఒక చెవి వైరు మీద వేసి చేసుకునేది.

కాలనీవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. అసోసియేషన్ ప్రెసిడెంటు కోదండపాణి గారు తపాలా శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, భార్య పోయి మూడేళ్ళు. ఆయన అధ్యక్షతనే, ఆ కుటుంబాన్ని ఏ విధంగానూ శ్రమ పెట్టరాదని ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. వినాయకుడి పందిరికి వాళ్ళను చందా అడగలేదు. పిల్లను వదిలి ఎలా వస్తుంది, పాపం, అని పేరంటానికి బొట్టు పెట్టి పిలవడం మానేశారు. మొదట్లో పిండివంటలు స్టీలు గిన్నెల్లో పంపేవారు. తర్వాత ఎవరికో దయ కలిగింది. గిన్నె తోమాలి, ఖాళీగా ఇవ్వకూడదు కనుక మళ్ళీ అందులో ఏదో ఒకటి వండి పెట్టాలి, ఇంతదూరం మోసుకు రావాలి, ఆవిడకి ఎంత కష్టం! అప్పటినుంచి ప్లాస్టిక్ డబ్బాల్లో పంపడం మొదలుపెట్టారు. "డబ్బా పారేయ్ వదినా, తిరిగివ్వక్కర్లేదు," అని గట్టు మీద నుంచే కేకేసి చెప్పేవారు. ఇందుమతికి పారేయడానికి చేతులొచ్చేవి కావు. కడిగి అటకమీద పెట్టేది. అటక నిండిపోయింది.

ఇల్లు ఎందుకు జరుగుతోందని ఎవరైనా అడిగితే, నేల స్వభావం అని మున్సిపాలిటీ చెప్పేది.

ఆ జ్యేష్ఠంలో కోదండపాణి గారి మేడమీది వాటాలోకి ఝాన్సీ అనే కొత్తగా పెళ్ళైన పిల్ల అద్దెకు దిగింది. ప్రైవేటు స్కూల్లో టీచరు. తీర్మానం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఓ ఆదివారం గారెలు వండి, స్టీలు గిన్నెలో పెట్టుకుని, బోదె మీద వేసిన తాటిదుంగ దాటి వచ్చేసింది.

"అక్కా, గారెలు ఎలా ఉన్నా సరే గానీ గిన్నె మాత్రం జాగ్రత్త. మా అత్తగారిది. ఇదిగో చూడండి, పేరు కూడా చెక్కించుకుంది, వి. భ్రమరాంబ అని. వచ్చినప్పుడల్లా గిన్నెలు సరిచూసుకుంటుంది. నేను కనిపించకపోయినా ఊరుకుంటుందేమో గానీ గిన్నె కనిపించకపోతే ఊరు లేపేస్తుంది."

ఇందుమతి గిన్నె అడుగున పేరు చూసింది. చాలాకాలం తర్వాత ఒకరి పేరున్న వస్తువు ఆ గడప లోపలికి వచ్చింది.

"ఇంకోటి అక్కా. మా గ్యాసు బండ నేను స్కూల్లో ఉన్నప్పుడే తగలడుతుంది. మా తాళంచెవి మీ దగ్గర పెట్టొచ్చా? మీరెప్పుడూ ఇంట్లోనే ఉంటారంట కదా!"

మీరెప్పుడూ ఇంట్లోనే ఉంటారు అన్న మాట ఇందుమతి ఎన్నిసార్లు విన్నదో. ప్రతిసారీ దాని వెనకాల ఒక నిట్టూర్పు వచ్చేది. ఈ పిల్ల ఆ మాట, మీ ఇల్లు బస్టాండు దగ్గరే కదా అన్నంత హాయిగా అంది.

"పెట్టి వెళ్ళు," అంది ఇందుమతి. "బండవాడికి వాడి తిట్లు నేను తిడతాలే."

గిరిధర్ ఇంటికొచ్చాక పిల్లను ఆయనకు అప్పజెప్పి, గిన్నె తోమి, అందులో గోంగూర పచ్చడి పెట్టి, కొంగు కప్పి, ఇందుమతి తాటిదుంగ దాటింది. చేతిలో గిన్నెతో ఒక ఇంటికి వెళ్ళడం ఎలా ఉంటుందో కాళ్ళు మరిచిపోలేదు.

మర్నాడు వైరు కొద్దిగా వేలాడింది.

ఆ వారంలో వచ్చిన సూర్యచంద్రరావు ఒకసారి కొలిచి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. ఇల్లు జానెడు ముందుకొచ్చింది.

"చిక్కొచ్చి పడిందండీ," అన్నాడు దిగులుగా. "వెళ్ళడానికి కాలమ్ ఉంది. రావడానికి లేదు. రాకపోకలంటే మా సెక్షన్లో పోకలే."

"మజ్జిగ తాగండి," అంది ఇందుమతి.

"తాగుతానండీ. కానీ ఏం చేశారమ్మా మీరు?"

"గోంగూర పచ్చడి."

ఝాన్సీ తాళంచెవి పెట్టుకోమని అడిగిన సంగతి, ఇల్లు ముందుకొచ్చిన సంగతి కాలనీలో పాకాయి. కోదండపాణి గారు వెంటనే సమావేశం పెట్టించారు. అడిగితే ఇల్లు దగ్గరకొస్తోంది కనుక, రోజుకొక ఇంటివారు చొప్పున డోర్ నంబర్ల వరసన వెళ్ళి ఏదో ఒకటి అడగవలెనని పాత తీర్మానం రద్దు చేసి కొత్తది రాశారు. దాన్నీ ఏకగ్రీవంగా ఆమోదించి చప్పట్లు కొట్టారు.

అలా ఒకరు అగ్గిపెట్టె అడిగారు. ఒకరు కరివేపాకు అడిగారు, వాళ్ళ పెరట్లో కరివేప చెట్టు పిట్టగోడ దాటి పెరిగి ఉండగా. తమ ఇంటి వంతు వచ్చిన రోజున పద్మావతమ్మ గారు అప్పుడే కొట్లో కొన్న ఉప్పు ప్యాకెట్టు కొంగుచాటున పెట్టుకుని వచ్చి, "అమ్మా ఇందూ, గుప్పెడు ఉప్పుంటే పెట్టవా," అంది. ఆమె నోట ఆ మాట రాగానే కాళ్ళకింద నేల మెత్తగా కదిలింది. ఇల్లు మూరెడు వెనక్కి పోయింది. పైన వైరు సన్నగా కూత పెట్టింది.

ఇందుమతి పరుగున లోపలికి వెళ్ళి చూసింది. మెషిన్ మీద ఎర్ర లైటు ఆరి, మళ్ళీ వెలిగింది. వచ్చి గుమ్మంలో నిలబడింది. కోపంలో కూడా ఆమె గొంతు పెద్దది కాలేదు. పిల్ల నిద్రపోతోంది.

"పిన్నిగారూ, ఆ కొంగు కింద ఏమిటండీ?"

పద్మావతమ్మ ప్యాకెట్టు బయటికి తీసింది. ముఖం చిన్నబోయింది.

"మీకు ఉప్పు అక్కర్లేదు. మా వైరు తెగేలా ఉంది. మీకు నిజంగా ఏదైనా కావాలంటే అడగండి. ఏమీ అక్కర్లేకపోతే దయచేసి వెళ్ళిపోండి."

పద్మావతమ్మ వెళ్ళలేదు. చాలాసేపు ఉప్పు ప్యాకెట్టును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"కోడలు ఆఫీసుకి పోతుంది. పొద్దుగూకేదాకా టీవీ తప్ప పలకరించే దిక్కుండదు నాకు. అడగాలంటే నామోషీగా ఉందే తల్లీ... మధ్యాహ్నం పూట ఇక్కడొచ్చి కాసేపు కూర్చోనిస్తావా?"

ఇల్లు కదిలింది. ఈసారి ముందుకు.

ఇందుమతి పీట వాల్చింది. లహరి మంచం పక్కనే పద్మావతమ్మ కూర్చుని, చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. ఇందుమతి వంటింట్లోకి పోయి వచ్చింది, వసారాలోకి పోయి వచ్చింది. చివరికి అడిగేసింది. ఇంతవరకూ ఆమె కూడా ఎవరినీ ఏదీ అడిగింది లేదు.

"పిన్నిగారూ, మీరిక్కడ ఉంటారు కదా. నేను తలస్నానం చేసొస్తాను. తలుపేసుకుని."

"ఓసి పిచ్చిదానా, తలుపేసుకోక తీసుకుని చేస్తావా?"

"అలాగే చేస్తున్నానండీ ఇన్నేళ్ళూ. పాప గొంతులో గురగుర వినిపించాలి కదా. మీకు వినిపిస్తే నన్ను పిలవండి."

లోపల గడియ పడిన చప్పుడు పద్మావతమ్మకు స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. పద్మావతమ్మ చిక్కుడుకాయ చేత్తో పట్టుకుని, పిల్ల గొంతు మీంచి చూపు తిప్పకుండా కూర్చుంది. ఈనెలు తీయడం మరిచిపోయింది. ఆ సాయంత్రం ఇల్లు మూడు బారలు ముందుకొచ్చింది.

అప్పటినుంచి కాలనీ తాళంచెవులన్నీ ఇందుమతి గుమ్మం పక్క మేకులకు వేలాడసాగాయి. కొరియర్లు అక్కడే దిగేవి. బడి నుంచి ముందొచ్చిన పిల్లలు అక్కడే చెప్పులు విడిచేవారు. కోదండపాణి గారు తన వంతుగా, రాత్రి వండుకున్నది ఒక్కడినే తినలేకపోతున్నానమ్మా అని క్యారేజీతో వచ్చారు. గిరిధర్ పక్కన కూర్చుని తిన్నారు. తర్వాత మెషిన్ వాడటం నేర్పమన్నారు. గొట్టం పట్టుకుని, ఎంతవరకు పెట్టాలమ్మా అని మూడుసార్లు అడిగారు.

"బాబాయిగారూ, భయపడకండి. మీకంటే తనకే బాగా తెలుసు," అంది ఇందుమతి.

లహరి మూతి బిగించుకుంది. ఆయన కాసేపు ఆలోచించి, పెదాలు గుండ్రంగా చుట్టి కుక్కరులా విజిల్ వేశారు. పిల్ల నోరంతా తెరిచి నవ్వింది. పని అయిపోయింది. తపాలా శాఖలో ఆయన ఇన్నేళ్ళ సర్వీసులో నేర్వని విద్య అదొక్కటే అని గిరిధర్ ఊరంతా చెప్పాడు.

బోదెగట్టు దాకా వచ్చి ఇల్లు ఆగిపోయింది. ఎంతమంది ఎంత నిజంగా అడిగినా ఇంకొక్క అంగుళం రాలేదు. వైరు బిగువు పూర్తిగా పోలేదు. ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. ఒకరోజు పొద్దున పద్మావతమ్మ లేచేసరికి తన ఇంటి మెట్లు బోదెవైపు తిరిగి ఉన్నాయి. ఆ పైవారం కోదండపాణి గారి మేడ కదిలింది, ఝాన్సీ వాటాతో సహా. తర్వాత ఒక్కొక్క ఇల్లూ దాని వీలు చూసుకుని వెనక్కి జరిగింది. వర్షాకాలం వెళ్ళేసరికి వీధి వంగిపోయి, రెండు కొసలూ లహరి వాళ్ళ గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.

అనుమతి లేకుండా వంగినందుకు మున్సిపాలిటీ వీధికి నోటీసు ఇచ్చింది. అపరాధ రుసుము అందరూ తలా ఇంత వేసుకుని కట్టారు. ఈసారి గిరిధర్‌ను కూడా అడిగారు. ఆయన ఎంతో సంతోషంగా ఇచ్చాడు. లైన్‌మన్ వచ్చి, ఇప్పుడిక్కడ ఇళ్ళున్నాయి కనుక ఇది వీధేనని ఒప్పుకుని, లహరి వాళ్ళ గేటు పక్కన కొత్త స్తంభం పాతాడు.

చివరి కొలతకు సూర్యచంద్రరావు వచ్చాడు. దూరం లేదు కనుక టేపు విప్పలేదు.

"అదృష్టవంతులండీ మీరు. మా వీధి కొలతలు నావి కావు గానీ, అక్కడ ఈ బాధే లేదనుకోండి. ఇలాంటి పిల్లలు ఎవరూ లేరు," అన్నాడు మజ్జిగ తాగుతూ.

ఇందుమతి ఆయన గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది.

"ఖాళీ స్థలం ఏదైనా ఉందాండీ మీ వీధిలో?"

"ఒకటుందండీ. పద్నాలుగో నంబరు పక్కన. పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. దాని తర్వాత పదహారు. నంబర్లు వేసినవాడు పదిహేను మరిచిపోయాడు." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "కొళాయి ఒకటి ఉంటుంది మధ్యలో, ఒంటరిగా."

"వైరు?"

"ఉందండీ. వెనక్కి, చేలల్లోకి పోతుంది. బోరు మోటారుదేమో అనుకున్నాం."

ఇందుమతి లోపలికి వెళ్ళి, తన పేరు చెక్కిన గిన్నెలో పులిహోర పెట్టి తెచ్చింది.

"ఆ వైరు వెంట పోయి, కొసన ఉన్నవాళ్ళకి ఇవ్వండి. గిన్నె వాళ్ళ దగ్గరే వదిలేసి రండి. నాకు తిరిగి కావాలని మాత్రం గట్టిగా చెప్పండి."

సూర్యచంద్రరావు తన వీధికి వెళ్ళి, క్రికెట్ ఆడే పిల్లల మధ్య నుంచి నడిచి, వైరు కిందుగా చేలల్లోకి పోయాడు. వైరు చాలాదూరం పోయింది. ఎండ ముదిరింది. గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఆయన కూడా పోయాడు. జనుము చేలు దాటాక, దూరంగా ఇల్లు కనిపించింది. దాని వెనకాల ఇంకొకటి, ఆ వెనకాల ఇంకా కొన్ని. అన్నిటికీ తులసికోటలున్నాయి. అన్నిటికీ పట్టణం నుంచి వైర్లు వచ్చి ఉన్నాయి, సన్నగా, బిగువుగా. సెక్షను మనిషి కనుక ఆయన ఆశ్చర్యపోలేదు.

మొదటి ఇంటి గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. లోపల మెషిన్ చప్పుడు వినిపించింది. ఒకావిడ తలుపు ఓరగా తీసి, నమ్మలేనట్టు చూసింది.

"కాసిని మంచినీళ్ళు ఇస్తారాండీ?" అన్నాడు సూర్యచంద్రరావు. ఆయనకు నిజంగానే దాహంగా ఉంది.