చాత్తుక్కుట్టి పోసింది టీయే

రాసేవాడికి సొంత గొంతు ఉండటం ఒక జబ్బు. నవ్వకండి! సగం జీవితం ఆ జబ్బుతో తీసుకున్నవాణ్ణి చెబుతున్నాను. ఇన్నాళ్ళకు దానికి మందు వచ్చింది. పేరు ఏఐ. ఫోనులోనే ఉంటుంది. పథ్యం లేదు, పరగడుపున వేసుకోవాలన్న నియమం లేదు. ఒక్క మాట అడిగితే చాలు, నిమిషంలో మీ గొంతు పోయి అందరి గొంతూ వచ్చేస్తుంది.

ముందు జబ్బు లక్షణాలు చెప్పాలి కదా? సొంత గొంతు ఉన్నవాడు దొంగచాటుగా ఒక్క ముక్క రాయలేడు. మా కొల్లంచిర పంచాయతీ ప్రెసిడెంటు మీద నేనొకసారి ఆకాశరామన్న ఉత్తరం పడేశాను. రోడ్ల మీద గోతుల గురించి. మధ్యాహ్నానికల్లా ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు.

"నేనే రాశానని ఎలా తెలిసిందండీ?" అన్నాను.

"గోతుల గురించి రాస్తూ రాస్తూ మధ్యలో పనసపండు ఎలా కోయాలో చెప్పేవాడు ఈ పంచాయతీలో ఇంకెవడున్నాడు మాషే?" అన్నాడాయన.

మాషు అంటే పంతులు. నేను ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. మా మలబారులో నాలుగు ముక్కలు రాయగలిగినవాణ్ణి ఎవణ్ణయినా మాషు అనే పిలుస్తారు. అసలు పేరు రయిరప్పన్. అది మా ఆవిడకు కోపం వచ్చినప్పుడు మాత్రమే బయటికొస్తుంది.

ఇక పనస సంగతి. నా జబ్బు ముదిరింది అక్కడే. బడ్జెట్టు మీద మొదలుపెట్టినా, బంగాళాఖాతంలో వాయుగుండం మీద మొదలుపెట్టినా, చివరికి పనస తొనల దగ్గర తేలతాను. పోనీలెండి, ఈ వ్యాసంలో ఆ మాట ఇక ఎత్తను. ఒట్టు!

నా జబ్బు వల్ల అందరికంటే ఎక్కువగా బాధపడ్డవాడు కూడలిలో చాయ దుకాణం నడిపే చాత్తుక్కుట్టి. నాకంటే పెద్దవాడు, అందుకని ఏట్టన్ అనేవాణ్ణి, అన్నయ్య అని. ఆదివారం 'దేశదీపం' పేపర్లో నా కాలమ్ రావడం ఆలస్యం, బల్లెక్కి కూర్చుని దుకాణమంతటికీ వినపడేలా చదివేవాడు. చదవడం కొంచెం, తిట్టడం ఎక్కువ.

"వినండర్రా! మాషు మళ్ళీ చెట్టెక్కాడు! ఎవరైనా నిచ్చెన తెచ్చి దింపండి!" అని అరిచేవాడు. "ఈ వాక్యం చూడండి, మొదలైన చోటేదో దానికే గుర్తులేదు. ఇంత రాసి అసలు సంగతి చెప్పలేదు చూశావూ, నువ్వు మనిషివేనా?" అనేవాడు. నేనేమో ఆయన ఎదురుగా కూర్చుని, నురగే తప్ప టీ లేని గ్లాసులోకి చూస్తూ ఉండేవాణ్ణి. ఒక రచయితకు ఇది పడాల్సిన ఖర్మా?

అందుకే మందు మొదలుపెట్టాను. కాలమ్ రాయమని ఫోనుకు చెప్పి, నేను మధ్యాహ్నం నిద్రకు అలవాటు పడ్డాను. అబ్బ, ఎంత సుఖం! మా ఎడిటర్ వర్కిచ్చన్ ఫోన్ చేసి, "మాషే, ఇప్పటికి మీ రాతకు పరిణతి వచ్చిందండీ! ఒక్క మాట దిద్దలేదు, తెలుసా?" అన్నాడు. ఇదివరకు రాసేటప్పుడు వాకిట్లో పచార్లు చేస్తూ మా ఆవిడ ఆరేసిన అప్పడాలు తొక్కేవాణ్ణి. ఇప్పుడు మా ఇంట్లో అప్పడాలన్నీ గుండ్రంగానే ఉంటున్నాయి. పాఠకుల నుంచి కూడా ఒక్క ఫిర్యాదు లేదు!

మందు ఊరంతా పాకింది. గుడి ఉత్సవానికి కట్టిన బోర్డు మీద 'ఇది కేవలం ఉత్సవం కాదు, ఒక ప్రయాణం' అని ఉంటుంది. దాని పక్కన పళ్ళ డాక్టరు బోర్డు: 'ఇది కేవలం పన్ను పీకడం కాదు, చిరునవ్వు వైపు ఒక ప్రయాణం.' ఆ పక్కన బస్సు టైములు రాసిన బోర్డు ఉంది. అసలు ప్రయాణం అక్కడ, కానీ ఆ మాట దాని మీద లేదు. మా ఎదురింటి మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుని ఒకరికొకరు క్షమాపణలు పంపుకున్నారు. రెండూ ఏఐ రాసినవే, రెండూ కంటతడి పెట్టించేలా ఉన్నాయి. ఫోన్లు రెండూ రాజీపడిపోయాయి. మనుషులు కూడా తీరిక చూసుకుని పడతారట. ఇంతకంటే శాంతి ఎక్కడుంది?

ఒక్క చాత్తుక్కుట్టి దగ్గరే మందు వికటించింది. నా కొత్త కాలమ్ మొదటిసారి వచ్చిన ఆదివారం ఆయన బల్లెక్కాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు, చదవడం మొదలుపెట్టాడు. లోలోపల! చప్పుడు లేదు. చివరిదాకా చదివి, కాగితం మడిచి, అరటిపండు బజ్జీల కింద నూనె పీల్చడానికి వేశాడు.

"మాషే, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"నాకేం? దుక్కలా ఉన్నాను."

"జ్వరంగానీ, ఇంట్లో ఏదైనా గొడవగానీ?"

"ఏం లేదన్నాను కదా ఏట్టా!"

"ఊఁ. అయితే టీ తాగు."

అంతే. ఆ తర్వాత ఆయన నా కాలమ్ పైకి చదవలేదు. తిట్టలేదు. ఆదివారాలు నేను కావాలని చాలాసేపు ఎదురుగా కూర్చున్నా ఒక్క మాట అనలేదు. గెలిచానని పొంగిపోయాను. ఆ నోరు మూయించినందుకు ఈ యంత్రానికి గుడి కట్టినా తప్పులేదనుకున్నాను.

వర్షాలు మొదలైన వారంలో చాత్తుక్కుట్టి పోయాడు. పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా తనే వెళ్ళిపోయాడు. నాకు చాలా కష్టంగా అనిపించింది.

మా ఊళ్ళో మనిషి పోతే, దహనమైన సాయంత్రమే కూడలిలో మైకు పెట్టి సర్వపక్ష సంతాప సభ జరపాలి. అన్ని జెండాలవాళ్ళూ మాట్లాడాలి. పెళ్ళికి పిలవకపోయినా క్షమిస్తారుగానీ, సంతాప సభలో పేరు పిలవకపోతే పార్టీలు చీలిపోతాయి. నాకూ పిలుపొచ్చింది. నేను కంగారుపడలేదు. చాయ దుకాణం నడిపే పెద్దాయన పోయాడు, నాలుగు మంచి మాటలు రాసిపెట్టమని ఫోనుకు చెప్పాను. రాసింది. జేబులో వేసుకుని వెళ్ళాను.

చాత్తుక్కుట్టి ఇల్లు దుకాణం వెనకే. మైకు గొట్టం సరిగ్గా ఆ ఇంటి వైపు తిప్పి కట్టారు. లోపల ఆయన భార్య కార్త్యాయని చుట్టాల ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది.

మొదట ఎర్రజెండా తరఫున సుగుణన్ లేచాడు. ఫోను తీసి చదివాడు. "చాత్తుక్కుట్టి కేవలం ఒక వ్యక్తి కాదు, ఒక వ్యవస్థ. ఆయన పోసింది టీ కాదు, ఆత్మీయత."

నా జేబులో ఉన్నదీ అదే వాక్యం!

తర్వాత ఖద్దరు పార్టీ జోసుకుట్టి లేచాడు. సుగుణన్ తూర్పంటే పడమరనే మనిషి. "చాత్తుక్కుట్టి కేవలం ఒక వ్యక్తి కాదు," అని మొదలుపెట్టి, ఆ మాట అప్పుడే ఎక్కడో విన్నట్టు తోచి ఆగాడు. కానీ ఏం చేస్తాడు? రెండోది లేదు. "ఒక వ్యవస్థ. ఆయన పోసింది..." అనగానే జనం వెనకనుంచి "టీ కాదు!" అని అందించారు. మా కొల్లంచిర చరిత్రలో ఎరుపూ ఖద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. ఇది ఏఐ ఘనత కాదూ?

మూడోవాడు వర్తక సంఘం హంసక్కోయ. కళ్ళజోడు మరిచిపోయి వచ్చాడు, అయినా జంకలేదు. ఫోను ముక్కుకు ఆనించుకుని, వ్యక్తి కాదు దగ్గర్నుంచి ఆత్మీయత దాకా లాగి, ఆపకుండా అదే విషాద స్వరంతో, "కావాలంటే దీన్ని ఇంకా క్లుప్తంగా రాసిస్తాను" అని ముగించాడు.

"రాసియ్యి నాయనా, పుణ్యముంటుంది!" అని ఇంట్లోంచి కేక వినిపించింది.

మైకు కూయ్‌మంది. దుకాణం పక్క సందులోంచి కార్త్యాయని బయటికొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఎవరో గొప్పాయన పోయినట్టున్నాడు, పాపం," అంది. "ఆయన సభ ఆయన ఇంటి దగ్గర పెట్టుకోండయ్యా. ఇక్కడ పోయింది మా ఆయన."

సభాధ్యక్షుడు గాభరాగా కాగితం చూసి, "ఇప్పుడు మన మాషు మాట్లాడతారు" అనేశాడు.

నేను లేచాను. ఫోను తీశాను. 'కేవలం ఒక వ్యక్తి కాదు' అని మెరుస్తూ కనపడింది. కార్త్యాయని నా మొహంలోకే చూస్తోంది. ఆ క్షణంలో పాత జబ్బు తిరగబెట్టింది, నేను చేసిందేమీ లేదు.

"చాత్తుక్కుట్టి ఏట్టన్ పోసింది టీయే," అన్నాను. "అది కూడా సరిగ్గా పోయలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగలేకపోయాను. "ముప్పాతిక నురగ పోసి, పావు టీ పోసి, అదేమంటే 'పైనుంచి పోస్తే చల్లారుతుంది, నీ నాలుక కాలకూడదని' అనేవాడు. పేకాటలో నాలా మోసం చేసినవాళ్ళు లేరు, నన్ను మించి మోసం చేసినవాడు ఈయనొక్కడే. ఓడినవాడి చెవికి ఆకు కమ్మ తగిలించాలన్నది ఆట నియమం కదా? నా రెండు చెవులకూ పనసాకు కమ్మలు తొడిగి ఈ కూడలి చుట్టూ తిప్పాడు. ఆ ఆకులు కూడా మా పెరట్లోవే. ఆ చెట్టు కాయ మాయమైన మర్నాడు ఈయన దుకాణంలో పనస బజ్జీలు వేశాడు. నాకే రెండు పెట్టి, ఎలా ఉన్నాయి మాషే అని అడిగాడు. బాగున్నాయన్నాను. నిజంగా బాగున్నాయి."

"దొంగతనమంటావేం?" కార్త్యాయని అరిచింది. "మీ ఆవిడకు చెప్పి నేనే కోయించాను!"

"ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదే!"

"నీ రాతల్లోకెక్కిస్తావని ఆయనే చెప్పొద్దన్నాడు."

కూడలంతా ఘొల్లుమంది. సుగుణనూ జోసుకుట్టీ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. కార్త్యాయని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "ఆఁ, ఇదీ మా ఆయన సభ," అని అక్కడే మెట్టు మీద కూర్చుంది.

చూశారా ఎంత అనర్థమో! మందు మానకుండా వాడి ఉంటే సభ మర్యాదగా ముగిసేది, అందరూ టీ వేళకు ఇంటికి చేరేవాళ్ళు. చీకటి పడేదాకా ఒక్కొక్కడూ మైకు లాక్కుని ఆ పెద్దమనిషి చేసిన వెధవ పనులన్నీ ఏకరువు పెట్టారు.

అందుకే మళ్ళీ బుద్ధిగా మందు దగ్గరికి వెళ్ళాను. మైల తీరాక కార్త్యాయని దుకాణం తెరిచింది. ఆ సంతాప సభ గురించి నా ధోరణిలోనే కాలమ్ రాయమని ఫోనుకు చెప్పాను. పనస మర్చిపోవద్దని కూడా చెప్పాను. పేరాకొకటి చొప్పున పెట్టింది! తీసుకెళ్ళి ఆవిడకు ఇచ్చాను. చివరిదాకా చదివి, నా వైపు జాలిగా చూసింది.

"మాషే, ఒంట్లో బాగాలేదా?" అంది.

ఇంటికెళ్ళి, అప్పడాలు తొక్కి, ఇప్పుడు మీరు చదువుతున్నది ఇక్కడిదాకా రాసి పట్టుకెళ్ళాను. ఆవిడ మొదలుపెట్టింది. సగంలో ఆగింది. బల్ల గుద్దింది.

"సిగ్గులేదూ నీకు? మా ఆయనకు టీ పోయడం రాదని పేపర్లో కూడా వేయిస్తావా? పనస మాట ఎత్తనని ఒట్టేసి ఎన్నిసార్లు ఎత్తావసలు? అరేయ్, ఇలా రండర్రా, ఈ మాషు ఏం రాశాడో వినండి!" అని బల్లెక్కి పైకి చదవడం మొదలుపెట్టింది.

యంత్రం రాసినదాన్ని ఎవరూ తిట్టరు. తిట్టించుకోవడానికి అందులో ఎవరూ ఉండరు కదా. అది నిజంగా వరమే, కాదన్నదెవరు? మీరంతా తప్పకుండా వాడండి, ఆరోగ్యంగా ఉండండి. నేను మాత్రం నా గ్లాసు పట్టుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. అందులో ముప్పాతిక నురగే ఉంది.