ఆర్చిబాల్డ్ తాత సీసపు బిళ్ళ

ఆ శనివారం పొద్దున డెల్మర్ టెల్ఫర్డ్ వేసుకున్న పథకంలో భయపడాల్సిందేమీ లేదు. తొమ్మిదింటికి బిళ్ళని ఫోటో తియ్యాలి. పదింటికి కాఫీ తాగాలి. పన్నెండున్నరకల్లా భార్య వెర్నాతో గ్రే స్ప్రింగ్ చర్చికి వెళ్ళి, బిళ్ళని ఒలీటా అత్త చేతిలో పెట్టి, కడుపునిండా వేయించిన కోడి తినాలి. ఏడాదికోసారి జరిగే టెల్ఫర్డుల కలయికకి ఈసారి నూట ముప్పై మంది వస్తున్నారు.

బిళ్ళంటే సీసపు బిళ్ళ. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. పూర్వం సముద్రం అవతల అల్‌స్టర్‌లో చర్చిలో ప్రభు భోజనానికి బల్ల దగ్గర కూర్చోవాలంటే సంఘపెద్దలు ముందుగా మనిషి నడత విచారించి, సరేననుకుంటే ఇలాంటిదొకటి చేతిలో పెట్టేవారు. బిళ్ళ లేనివాడికి రొట్టె లేదు, ద్రాక్షరసం లేదు. ఓడెక్కి ఈ దేశానికి వచ్చిన ఆర్చిబాల్డ్ టెల్ఫర్డ్ దీన్ని కోటు అంచులో కుట్టుకుని తెచ్చుకున్నాడని మా లోయలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. దానిమీద ఒక సంఘం పేరు తాలూకు రెండక్షరాలు, 1732 అన్న అంకెలు ఉంటాయి. ఆ రెండక్షరాలు పట్టుకుని డెల్మర్ పదకొండేళ్ళు తవ్వాడు. అవి యాంట్రిమ్ జిల్లాలో ఫలానా ఊరి సంఘానివని తేల్చి, టెల్ఫర్డుల వంశచరిత్రకి మొదటి అధ్యాయం అరవై రెండు పేజీలు రాశాడు. ఇక ఒక్క ఫోటో అతికిస్తే పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

ముప్పయ్యొక్కేళ్ళు ఊరూరా ఉత్తరాలు పంచి రిటైరైన డెల్మర్‌కి కుక్కలంటే భయం లేదు, పిడుగులంటే భయం లేదు. ఒలీటా అత్తంటే మాత్రం భయం. ఎనభై ఎనిమిదేళ్ళ మేనత్త, ఆరుపదులు దాటిన మేనల్లుణ్ణి ఇప్పటికీ చొక్కా గుండీలు పెట్టుకోమని గదమాయిస్తుంది. కుటుంబపు బైబిలు ఆవిడ దగ్గరుంది. అందులో ఆర్చిబాల్డ్ నుంచి మొన్న పుట్టిన పిల్లదాకా అందరి పేర్లూ ఉన్నాయి. ఒక్క గార్లండ్ అనే దాయాది పేరు మీద మాత్రం స్కేలు పెట్టి గీసిన ఎర్రసిరా గీత ఉంది. ఇరవయ్యేళ్ళ కిందట అతను వంశంలో మిగిలిన పాత రాట్నాన్ని పాతసామాన్ల కొట్టుకి అమ్మి, ఆ సంగతి దాచకుండా అత్తకి చెప్పాడు. వంశవృక్షంలో గార్లండ్‌ని ఏ కొమ్మ మీద వెయ్యమంటావని డెల్మర్ ఒకసారి అడిగితే, "గార్లండా? ఎవర్రా వాడు?" అంది అత్త. గార్లండ్ ఆవిడ ఎదురింట్లోనే ఉంటాడు.

అలాంటి మనిషి ఏటా కలయికలో దూరంనుంచి చూపించడమేగాని, బిళ్ళని ఇంకొకరి చేతికిచ్చింది ఇదే మొదటిసారి, అదీ ఒక్క రోజుకి. డెల్మర్ దాన్ని రుమాలులోంచి తీసి, గరాజులో కిటికీ కింద బల్ల మీద పెట్టాడు. వెలుతురు బాగుంది. కెమెరా కోసం ఇంట్లోకి వెళ్తే దాని బ్యాటరీ చచ్చిపోయి ఉంది. చార్జింగుకి పెట్టి, ఇరవై నిమిషాలు కాలుగాలిన పిల్లిలా తిరిగి, వెనక్కి వచ్చాడు.

బల్ల దగ్గర బావమరిది రస్ ఈల వేసుకుంటూ నిలబడి ఉన్నాడు. చేపలు పట్టడానికని నిన్న దిగాడు. చిన్న గ్యాసు పొయ్యి మీద ఇనప గరిటె పెట్టి, పాత సీసం తుక్కు కరిగించి, గాలానికి కట్టే గుళ్ళు పోతపోస్తున్నాడు.

"రస్, ఇక్కడ రుమాలు మీద ఒకటుండాలి."

"రుమాలు ఉందిగా బావా. మడతపెట్టి పక్కన పెట్టా."

"రుమాలు కాదయ్యా. దాని మీద ఉన్నది."

"ఆ సీసం ముక్కా? బలే సీసం బావా! వెన్నలా కరిగిపోయింది. ఇంకా ఉన్నాయేంటి?"

డెల్మర్ గుళ్ళు లెక్కపెట్టాడు. బల్ల మీద పద్నాలుగు గుళ్ళు వరసగా చల్లారుతున్నాయి.

"ఏ గుండులో ఉంది?"

"ఏమో, అన్నిట్లోనూ ఉండుంటుంది. బాగా కలిపానుగా," అన్నాడు రస్, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

అప్పుడే ఫోను మోగింది. ఒలీటా అత్త. చర్చి వంటగదిలోంచి మాట్లాడుతోంది; వెనక గిన్నెల చప్పుడు, ఆడవాళ్ళ గోల వినిపిస్తున్నాయి.

"ఒరేయ్, ఫోటో అయిందా? బిళ్ళ మళ్ళీ రుమాల్లో చుట్టావా?"

"అయింది అత్తా... అంటే, అవుతోంది. ప్రస్తుతానికి నా చేతిలో లేదు."

"నీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉంది?"

డెల్మర్ కళ్ళముందు ఎర్రసిరా గీత కదిలింది. తన పుట్టిన తేదీ మీదుగా, పెళ్ళి తేదీ మీదుగా, వెర్నా పేరు అంచుదాకా వచ్చి ఆగింది. వంశచరిత్ర రాసినవాడి పేరే వంశంలో ఉండదు. నోటికి ఏదొస్తే అదే అన్నాడు.

"ఒక పండితుడి చేతిలో ఉంది అత్తా. పాత బిళ్ళల మీద పరిశోధన చేసే పెద్దాయన. ఈ దారిన పోతూ ఒకసారి చూస్తానన్నాడు."

అవతల గరిటె ఏదో నేలమీద పడ్డ చప్పుడైంది. అంత కోపం డెల్మర్ ఎన్నడూ వినలేదు.

"పండితుడా?" అంది అత్త. గొంతు సన్నగా ఉంది. "భూతద్దం తెచ్చాడా?"

"తెచ్చాడు." ఒకటి చాలదేమోననిపించింది. "రెండు తెచ్చాడు."

"నిన్ను ఫోటో తియ్యమన్నానా, దారేపోయేవాళ్ళకి చూపించమన్నానా? ఏమంటున్నాడు?"

"ఇంకా ఏమీ అనలేదు."

"అననివ్వకు! వెళ్ళి లాక్కో. ఎవరితోనూ ఏమీ చెప్పకముందే ఆయన్ని పంపించెయ్. విన్నావా?"

ఫోను పెట్టేసింది. డెల్మర్ చెమట తుడుచుకున్నాడు. ఈ లోపల సీసం కరిగిన వాసనకి వెర్నా వచ్చింది. విషయం విని, చెయ్యి నోటి మీద పెట్టుకుంది.

"వెళ్ళి నిజం చెప్పెయ్ డెల్మర్. అంతకంటే దారి లేదు."

"గార్లండ్ కూడా నిజమే చెప్పాడు."

రస్ ముందుకొచ్చాడు. "కరిగించినవాణ్ణి నేనే, మళ్ళీ పోత పోసేవాణ్ణీ నేనే," అని ఒక గుండుని తిరిగి గరిటెలో వేశాడు. తిరగేసిన రేకు పళ్ళెం మీద చుక్కలా పోసి, సుత్తితో చదును చేశాడు. మేకుమొనతో అక్షరాలు, అంకెలు చెక్కే పని డెల్మర్ చేశాడు. బిళ్ళ బాగానే వచ్చింది గాని, కొత్త చెంచాలా తళతళ మెరుస్తోంది. దాన్ని వెనిగర్‌లో నానబెట్టారు. ఆవపిండి రాశారు. కాఫీ మడ్డిలో దొర్లించారు. మూడువందల ఏళ్ళ వయసుని నలభై నిమిషాల్లో తెప్పించి రుమాలులో చుట్టేసరికి వెర్నా వంటగది ఊరగాయ జాడీలా కంపు కొట్టింది.

చర్చికి చేరేసరికి వాళ్ళకంటే ముందు పండితుడి కబురు చేరింది. అత్త ఫోనులో మాట్లాడుతున్నప్పుడు వంటగదిలో ఉన్న ఆరుగురు ఆడవాళ్ళు చెవులు మూసుకోలేదు. హాల్లో మొదటి వరస ముందు తెల్లగుడ్డ పరిచిన కుర్చీ, దాని పక్కన మంచినీళ్ళ గ్లాసు ఉన్నాయి. భోజనాలయ్యాక పండితుడు పది నిమిషాలు మాట్లాడతాడని పాస్టరుగారు అప్పటికే చెప్పేశారు.

"ఏడీ మీ పండితుడు?" అని ఒకరు.

"వస్తున్నాడు," అన్నాడు డెల్మర్.

"పెట్రోలు బంకు దగ్గర చూశాను నేను. పొడుగాటి మనిషి, తెల్లగడ్డం," అని ఇంకొకరు.

"స్కాట్లండు నుంచి దీనికోసమే వచ్చాడట కదా!"

"ఆయన కోడి తినడు," అన్నాడు రస్, బావకి సాయపడదామని. దాంతో నలుగురు ఆడవాళ్ళు లేచి పండితుడి కోసం చిక్కుళ్ళు, బంగాళాదుంపలు, పీచ్ పండ్లతో చేసిన తీపి వంటకం వేరే పళ్ళెంలో వడ్డించి మూతపెట్టారు. లేని మనిషికి ఒక మొహం, గడ్డం, దేశం, చివరికి పథ్యం కూడా వచ్చేశాయి. ఇక ఆయన్ని చంపడం ఎవరి తరమూ కాదు.

వెనకనుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. వేళ్ళు పటకారులా బిగిశాయి.

"ఇలా రా," అంది ఒలీటా అత్త.

కోట్లు తగిలించే చిన్నగదిలోకి లాక్కెళ్ళి తలుపేసింది. మొహం పాలిపోయి ఉంది. గడ్డం అదురుతోంది. కోపంతో ఊగిపోతోందనుకుని డెల్మర్ గోడకి అంటుకుపోయాడు.

"ఆయన ఏమన్నాడు?"

"అసలైనదే అన్నాడు అత్తా. చాలా అరుదైనదన్నాడు."

"అసలైనదన్నాడా?" అత్త అతని వంక వింతగా చూసింది. "రెండు భూతద్దాలు పెట్టి చూసి?"

"అవును."

"ఇలా తే."

డెల్మర్ రుమాలు ఇచ్చాడు. అత్త విప్పి, బిళ్ళని కిటికీ వైపు ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది నాది కాదు."

డెల్మర్ పదకొండేళ్ళ పని, అరవై రెండు పేజీలు, తండ్రి సమాధి పక్కన చర్చి దొడ్లో తనకని వదిలిన ఆరడుగుల నేల, అన్నీ చేతులోంచి జారిపోతున్నాయి. ఉన్నదంతా గడగడా కక్కేశాడు. రస్ సంగతి, గరిటె సంగతి, పద్నాలుగు గుళ్ళ సంగతి, పండితుడే లేడన్న సంగతి కూడా.

"తప్పయిపోయింది అత్తా. కావాలంటే ఇప్పుడే బయటికి వెళ్ళి అందరిముందూ చెప్తాను."

అత్త మెల్లగా చెప్పుల బల్ల మీద కూర్చుంది.

"కరిగిపోయిందా? పూర్తిగానా?"

"పూర్తిగా."

"చిన్న ముక్క కూడా మిగల్లేదా? ఎవరూ పట్టి చూడ్డానికి లేకుండా?"

"లేదు అత్తా."

"నీకు పుణ్యముంటుందిరా నాయనా!" అంది ఒలీటా అత్త. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

డెల్మర్ భయం మరచిపోయి నోరు వెళ్ళబెట్టాడు. అత్త రుమాలు కళ్ళకద్దుకోబోయి, ఆవపిండి ఘాటుకి పక్కన పడేసి, చెప్పుకొచ్చింది. ఇరవైనాలుగేళ్ళ వయసులో తండ్రి బిళ్ళ చేతికిచ్చాడు. మూడో ఆదివారమే చేతితొడుగులో పెట్టుకుని చర్చికి వస్తుంటే, చెక్కవంతెన మీద తొడుగు చిరిగి, బిళ్ళ పలకల సందులోంచి వాగులో పడింది. నాలుగు రోజులు నీళ్ళలో దిగి వెతికింది. దొరకలేదు. అయిదో రోజు అన్న గాలపు పెట్టెలోంచి సీసపు గుండు ఒకటి దొంగిలించి, చదును చేసి, కుట్టుసూదితో చెక్కుకుంది.

"గుండా? మా నాన్న గాలపు గుండా?"

"అదేరా. ఏటా ఈ రోజు దగ్గరికొస్తోందంటే నాకు అన్నం సయించేది కాదు. గట్టిగా అరుస్తూ ఉంటే ఎవరూ దగ్గరికొచ్చి చూడరని అరుస్తూ వచ్చా. అరవయ్యేళ్ళు పైగా అరిచాను. అలిసిపోయాను."

"మరి గార్లండ్?"

"రాట్నం కొన్నవాడు ఈ బిళ్ళ కూడా ఒకసారి చూస్తానన్నాడ్రా. గార్లండ్ వాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఏం చెయ్యను?"

డెల్మర్ ఆవిడ పక్కన కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ తను భయపడ్డ మనిషి తనకంటే ఎక్కువ భయపడుతూ బతికిందని తెలిసి జాలేసింది. జాలి పూర్తికాకముందే ఇంకోటి తట్టింది.

"అయితే ఆ అక్షరాలు? ఆ సంవత్సరం?"

"గుర్తున్నంతవరకు వేశాను. సంవత్సరంలో మొదటి ఒకటి మాత్రం ఖాయం."

"అరవై రెండు పేజీలు రాశాను అత్తా!"

"చదివాను. ఎంత బాగా రాశావంటే, నేనే నమ్మేశాను."

సంచిలోంచి బైబిలు తీసి అతని ఒళ్ళో పెట్టింది. ఎర్రసిరా కలం కూడా తీసింది. "నా పేరు నువ్వే కొట్టెయ్. బయటికెళ్ళి నిజం చెప్పు. రాసేవాడివి, అబద్ధం రాయకూడదు."

డెల్మర్ కలం తీసుకుని, మూత బిగించి, జేబులో పెట్టుకున్నాడు.

"నా దగ్గర స్కేలు లేదు అత్తా. మొదటి అధ్యాయం తీసేస్తాను. మనవాళ్ళు ఈ లోయలో నేల కొన్న కాగితం ఉందిగా, అక్కణ్ణుంచి మొదలుపెడతాను. నువ్వు మాత్రం రేపు గార్లండ్ పేరు మళ్ళీ రాయాలి."

"ఇవాళే రాస్తా," అంది అత్త, ముక్కు తుడుచుకుంటూ. "మరి వీళ్ళతో ఏం చెప్తావు?"

ఇంతలో పాస్టరుగారు తలుపు తట్టారు. అందరూ పండితుడి కోసం ఎదురుచూస్తున్నారు.

డెల్మర్ వెళ్ళి తెల్లగుడ్డ కుర్చీ పక్కన నిలబడ్డాడు. నూట ముప్పై మొహాలు అతని వైపు తిరిగాయి. అసలైనదంటే ఆ మాట అచ్చులోకి ఎక్కుతుంది. కాదంటే అత్త పరువు పోతుంది. గుమ్మం దగ్గర ఆవిడ రెండు చేతులతో బైబిలు పట్టుకుని నిలబడి ఉంది. డెల్మర్ మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపాడు.

"పండితుడుగారు అర్జెంటు పని మీద వెళ్ళిపోయారు."

"ఏమన్నాడు? బిళ్ళ సంగతి ఏం తేల్చాడు?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఇప్పుడే ఖాయంగా ఏమీ చెప్పలేమన్నారు. ఇంకా చాలా పరిశోధన జరగాలన్నారు. కనీసం పదేళ్ళు పడుతుందన్నారు."

అంతవరకు ఆ పండితుడి మీద కాస్తో కూస్తో అనుమానం ఉన్న ఇద్దరు ముగ్గురికి కూడా, ఆ మాటతో ఆయన నిజంగా పండితుడేనని నమ్మకం కుదిరింది.