ముప్పై దాటని బండి

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. అమర్నాథ్, నీకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ పాపంలో నీకూ పావలా వాటా ఉంది.

మా ఇంట్లో ఏది చెడిపోయినా నేనే బాగు చేస్తానని మీకు తెలుసు. బాగు చేశాక అది ఏమవుతుందో కూడా తెలుసు. మా నల్లా కట్టేస్తే కారుతుంది, విప్పితే ఆగుతుంది. మిక్సీ వెనక్కి తిరుగుతుంది. మా అమ్మ సంగమ్మ ఇంటికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళకన్నా ముందు ఈ సంగతులే అందిస్తుంది.

ఆ వరసలోనే దసరా ముందు ఫ్యాను విప్పబోయి, స్టూలు మీద నుంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నాను. దవాఖానాలో కట్టు కట్టి, "మూడు నెలలు బండి ముట్టుకోవద్దు, కిక్కు అసలే కొట్టొద్దు" అన్నారు. మా బండికి పద్దెనిమిదేళ్ళు. కిక్కు కొట్టకపోతే లేవదు, కొట్టినా ఒక్కోసారి ఆలోచించుకుని లేస్తుంది.

మా ఆవిడ శివలీల కోహీర్‌లో అంగన్‌వాడీ టీచర్. ఇన్నేళ్ళూ పొద్దున్నే ఆమెను అక్కడ దించి, అటు నుంచి అటే అల్లం బేరాలకు ఊళ్ళు తిరిగి, సాయంత్రం వెనక కూర్చోబెట్టుకుని జహీరాబాద్ తీసుకొచ్చేవాణ్ణి. నేను మంచమెక్కిన పదో రోజున ఆమె వచ్చి ఎదురుగా నిలబడింది.

"బండి తాళంచెయ్యి ఇటియ్యి."

"ఎందుకు?"

"నడపనీకి."

"నీకు గేర్లు తెల్వయి కద, లీలా."

"పద్దెనిమిదేండ్లు నీ ఎనుక కూసున్న. ఏ గేరు ఏడ తప్పేస్తవో నాకు తెల్వదా?"

నాలుగు ఆదివారాలు వాళ్ళ తమ్ముడు స్కూలు గ్రౌండులో నేర్పాడు. లైసెన్సు కూడా తెచ్చుకుంది. అందులో ఆమె ఫోటో నా ఫోటోకన్నా ధీమాగా ఉంది.

అంతవరకు బాగానే ఉంది. ఒకనాడు ఈ అమర్నాథ్ నన్ను పరామర్శించడానికి వచ్చాడు. అరటిపళ్ళు తేలేదు, వార్త తెచ్చాడు.

"అన్నా, మా వదిన మస్తు నడుపుతున్నది! చెరుకు ట్రాక్టర్‌ను దాటింది, దాని ముంగట పోతున్న బస్సును గూడ దాటింది. రయ్యిన పోయింది!"

తల దించుకోకు అమర్నాథ్, చాయ్ తాగు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కూర్చున్నచోట కుదురు లేదు. బొంబాయి హైవే సంగతి మీకు చెప్పాలా? కోహీర్ వైపు తిరగాలంటే ఆ రోడ్డును అడ్డంగా దాటాలి. అటూ ఇటూ లారీలు. ఆ మలుపు దగ్గర తారు మీద ఒంటి చెప్పు పడి ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ బండి నెమ్మది చేసి, కాసేపటికి మళ్ళీ మామూలుగా పోయేవాణ్ణి. ఇప్పుడు మంచం మీద ఉంటే ఆ చెప్పు రోజూ కనిపించడం మొదలైంది. శివలీలతో "మెల్లగ పో" అని చెప్పొచ్చు. కానీ ఆమె "నువ్వు మెల్లగ పోయినవా?" అని అడుగుతుంది.

అట్లాంటి సమయంలో బండే నాకు దారి చూపించింది.

"రేస్ ఇచ్చి ఇడిస్తె, హ్యాండిల్ ఎనుకకు వస్తలేదు" అంది శివలీల ఒక శనివారం సాయంత్రం.

చూస్తే ఎక్స్‌లేటర్ వైరు హ్యాండిల్ దగ్గర పోగులు పోగులుగా తెగి ఉంది.

"గిరీశ్‌కిస్త" అంది.

"గిరీశ్ ఎందుకు, నేనున్న కద!"

"నువ్వున్నవనే గిరీశ్‌కిస్త అంటున్న."

గిరీశ్ మంచి మెకానిక్కే. కానీ ఎవరు ఏ పని మీద వెళ్ళినా "రేపు రా అన్నా" అంటాడు కనుక ఊరంతా అతన్ని 'రేపు గిరీశ్' అనే పిలుస్తుంది. సోమవారం పొద్దున్నకు బండి కావాలి. వేరే దారిలేక శివలీల ఒప్పుకుంది.

ఆదివారం వాకిట్లో గోనెసంచి పరిచి, కాలు చాపుకుని కూర్చున్నాను. పని చిన్నదే. హ్యాండిల్ తిప్పితే వైరు కార్బరేటర్లో ఉన్న ఒక చిన్న స్లయిడును పైకి లాగుతుంది. అది ఎంత పైకి లేస్తే ఇంజనుకు అంత ఊపిరి, బండికి అంత వేగం. పాత వైరు ఊడదీసి, కొత్త వైరును మూతలోంచి దూర్చి, స్ప్రింగును చేత్తో పట్టుకున్నప్పుడు నాకు మొగుడంపల్లి పెద్దాయన ఒకరు గుర్తొచ్చారు. ఆయన తన కొడుకు స్పీడు తగ్గించడానికి ఈ స్ప్రింగు లోపల ఒక గొట్టం ముక్క వేయించాడట. ముక్క అడ్డం ఉంటే స్లయిడు సగం వరకే లేస్తుంది. హ్యాండిల్ ఎంత తిప్పినా బండి ముప్పై దాటదు.

ఇంట్లో సిరా అయిపోయిన పెన్నులకు కొదవా? అంగన్‌వాడీ టీచర్ ఇల్లు. ఒకటి తెచ్చి వేలి గోరంత ముక్క కోసి, వైరుకు తొడిగి, మూత బిగించాను. పాపం చేస్తున్నట్టు అనిపించలేదు. తాయెత్తు కడుతున్నట్టు అనిపించింది.

శివలీల కిక్కు కొట్టింది. ఒక్క దెబ్బకే లేచింది. నేను మీసం మీద చెయ్యి వేశాను. ఆమె హ్యాండిల్ ఎడమకు తిప్పింది. బండి ఊరంతా వినిపించేట్టు అరిచింది. నిటారుగా పెట్టింది, ఊరుకుంది. మళ్ళీ ఎడమకు తిప్పింది, మళ్ళీ అరిచింది.

"ఓరి మంజ్యా! బండి ఏడుస్తున్నదిరా!" అని నన్ను కేకేస్తూ మా అమ్మ గడపలోకి వచ్చింది.

"కొత్త వైరు కదమ్మా, జర అలవాటు గావాలె" అన్నాను.

"అలవాటు వైరుకా, నీకా?" అంది శివలీల.

వైరును పాత దారిన కాకుండా హ్యాండిల్‌కు అవతలి పక్క నుంచి తెచ్చానని, అందుకే తిప్పినప్పుడల్లా గుంజుకుపోతోందని తెలుసుకోవడానికి నాకు రెండు గంటలు పట్టింది. అది సరిచేశాను. ముక్క జోలికి మాత్రం పోలేదు.

సోమవారం సాయంత్రం శివలీల ఇల్లు చేరేసరికి ముఖం చిన్నబోయి ఉంది.

"బండి గుంజుతలేదు. ఎంత రేస్ ఇచ్చినా ముప్పై దాటుతలేదు."

నేను కళ్ళు మూసుకుని, పెద్ద డాక్టరులా ఇంజను మీద చెయ్యి పెట్టాను. "ప్లగ్గు" అన్నాను. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దాను. మర్నాడు అదే మాట చెప్పింది. "ఎయిర్ ఫిల్టర్" అన్నాను, దాన్ని దులిపాను. ఆ తర్వాత కార్బరేటర్ కింది గిన్నె విప్పి, జెట్లలోకి నోటితో ఊది, పెట్రోలు మింగి, రెండు రోజులు అన్నం రుచి తెలియకుండా తిరిగాను. దొంగకు ఇంత కష్టం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. దాచింది నేనే, వెతికేదీ నేనే.

"పెట్రోల్ల నీళ్ళు కలుపుతున్నరేమో" అన్నాను చివరికి.

"బండికి దిష్టి తాకింది. బస్సును దాటిందని ఊరంత చెప్పుకుంటిరి" అని మా అమ్మ హెడ్‌లైటుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది.

"అదే అయ్యుంటది" అన్నాను నేను. శివలీల నిమ్మకాయను వదిలి నన్ను చూసింది.

ఆ రోజులంతా నాకు మంచి నిద్ర పట్టింది. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

తర్వాతి గురువారం ఆమె వాకిట్లో బండి దిగి, హెల్మెట్ తీయకుండానే అరుగు మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమైంది?"

"కోహీర్ మలుపు కాడ రోడ్డు దాటుతున్న. లారీ దూరమే ఉండె. గింత సందుల దాటొచ్చు అనుకున్న. నడిమిట్లకు పోయినంక రేస్ ఇస్తె బండి కదుల్తలేదు. లారీ హారన్ కొట్టుకుంటనే వచ్చింది. ఆ డ్రైవర్ బ్రేక్ కొట్టిండు గనుక బతికిన."

అంతే చెప్పింది. లేచి లోపలికి వెళ్ళి బియ్యం కడిగింది.

ఏ చావు రావద్దని ఆ ముక్క వేశానో, ఆ చావును నేనే పిలిచి కూర్చోబెట్టాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ధైర్యం లేక, మళ్ళీ ఒక పథకం వేశాను. తెల్లారి ఆమె వంటింట్లో ఉండగా ముక్క తీసి పారేస్తాను, బండి దానంతటదే బాగైందంటాను, నిమ్మకాయ మహిమంటాను.

తెల్లారి లేచేసరికి వాకిట్లో బండి లేదు. గంటకు వచ్చింది.

"యాడికి పోయినవ్?"

"గిరీశ్ ఇంటికి."

"ఏమన్నడు?"

"రేపు రమ్మన్నడు."

గిరీశ్ నోట్లో చక్కెర పొయ్యాలి అనుకున్నాను. జీవితంలో మొదటిసారి ఆ 'రేపు' నాకు తియ్యగా వినిపించింది. కానీ ఆమె బండి దిగలేదు.

"ఎక్కు. ఇయ్యాల నువ్వు నాతోటి రా. మెకానిక్కువు కద, రోగం ఏందో బండి మీద కూసుంటెనే తెలుస్తది."

"కాలు నొస్తున్నది లీలా."

"ఎనుక కూసునేటానికి కాలెందుకురా?" అంది మా అమ్మ లోపల నుంచి.

ఎక్కాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి వెనక కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

బండి ఊళ్ళో మెల్లగా పోయింది. హైవే ఎక్కినా అంతే. పక్కనుంచి సైకిల్ మీద పాలవాడు పోతూ నన్ను చూసి నవ్వాడు. వెనక నుంచి లారీ హారన్ వినబడింది. ఒకటి కాదు, మూడు. ఆమె రోడ్డు ఎడమ అంచునే పోతోంది, లారీలు అవతలి వరసలో వస్తున్నాయి. అది నేను చూడలేదు. ఎందుకంటే అప్పటికే కళ్ళు మూసుకున్నాను.

"లీలా, జర జోరుగ పోనీ!"

"పోతలేదు కద! దిష్టి తాకింది కద!"

హారన్ నా వీపు మీదే మోగినట్టైంది.

"పక్కకు ఆపు! పెన్ను ముక్క! లోపల పెన్ను ముక్క పెట్టిన!"

"ఏంది? ఇనిపిస్తలేదు!"

"నేనే! కార్బరేటర్ల! నేనే పెట్టిన లీలా! నాదే తప్పు!"

మూడోసారి నేను అరిచిన అరుపుకు రోడ్డు పక్క చెరుకు కొడుతున్నవాళ్ళు కత్తులు ఆపి లేచి నిలబడ్డారట. అప్పుడు ఆమె హ్యాండిల్ తిప్పింది. బండి ఒక్క ఊపుతో ముందుకు దూకింది. నేను ఆమె నడుము పట్టుకున్నాను. మలుపు దగ్గర ఆగి, రెండు వైపులా చూసి, రోడ్డు దాటి, కోహీర్ దారిలో ఒక చెట్టు కింద ఆపింది.

"పొద్దుగాల్నే తీపిచ్చిన. గిరీశ్ మూత ఇప్పంగనె నా చేతిల పెట్టిండు."

"రేపు రమ్మన్నడంటివి?"

"రేపు అనేది నీకు. నా ముఖం చూసి, పండ్లు తోముకోకుండనే పానా పట్టిండు."

"మరి బండి ఇంత మెల్లగ ఎందుకు వచ్చింది?"

"నేను రేస్ ఇయ్యలే."

నేను బండి దిగి రోడ్డు మీద నిలబడ్డాను. కుంటికాలి మీద నిలబడ్డానని కూడా తెలియలేదు.

"భయమైంది లీలా" అన్నాను. "నీకేమన్న అయితదని. గా మలుపు కాడ చెప్పులు చూసిన."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"నన్ను దించి ఊర్ల పొంటి తిరిగినవ్, పద్దెనిమిదేండ్లు. సాయంత్రం పిల్లలందరు పోతుండె, ఆయమ్మ తాళమేసి పోతుండె. నేను అరుగు మీద ఒక్కదాన్నే కూసొని నువ్వొచ్చే తొవ్వ చూస్తుంటి. నువ్వు గంట ఆల్చమైతె నా పానం ఏడుండేదో ఎన్నడన్న అడిగినవా? నేనేమన్న నీ బండికి అడ్డం పెట్టిన్నా?"

అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆలస్యమైన ప్రతిసారీ "ఆకలైతున్నది, తొందరగ ఎక్కు" అనేవాణ్ణి.

"భయమైతె భయమైతున్నదని నోటితోటి చెప్పాలె. కార్బరేటర్ల దాస్తరా ఎవరన్న? నిన్న ఆ డ్రైవర్ బ్రేక్ కొట్టకపోతె, లారీ కాదు, నీ భయమే నన్ను తీస్కపోతుండె."

నాకు ఏడుపొచ్చింది. నవ్వకండి, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆమె చున్నీ కొస ఇచ్చింది. ముక్కు తుడుచుకున్నాను.

"ఎక్కు ఇగ. పిల్లలొచ్చి ఉంటరు."

"లీలా, ఎంత స్పీడు పోతవ్?"

"ఎంత గావాల్నో అంత."

"నాకు ఇంక భయమైతనే ఉన్నది."

"గిట్ల చెప్పు. గిట్ల చెప్తె నేను ఇనుకుంట గద" అని కిక్కు కొట్టింది. రెండో కిక్కుకు లేచింది.

ఎంత వేగంతో పోయిందో నేను చెప్పలేను. మీటరు వైపు చూడలేదు. నడుము మాత్రం వదల్లేదు. గాలి ఒకసారి ఎక్కువైంది, ఒకసారి తగ్గింది, ఎక్కడో బెల్లం వండుతున్న వాసన వచ్చి వెనక్కి పోయింది. అద్దంలో నన్ను చూసినట్టుంది.

"కండ్లు తెరువు" అంది శివలీల. "కోహీర్ వచ్చింది."