ఐదో వరుస కిటికీ

ఆ రోజు పొద్దున హనబుసా సెయిజి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇతామీ విమానాశ్రయానికి వెళ్ళాలి, యాకుషిమా దీవికి వెళ్ళే విమానం ఎక్కాలి, టికెట్టు మీద రాసి ఉన్న సీట్లో కూర్చోవాలి. మొదటి రెండు పనుల గురించి అతనికి గాని, అతని భార్య తొమొయెకి గాని ఎలాంటి అనుమానమూ లేదు.

బెంగంతా మూడోదాని మీదే. సెయిజి ఒసాకాలో ఒక తాళాల షాపులో పనిచేస్తాడు. ఎంత మొండి తాళమైనా అతని చేతిలో పడితే తెరుచుకుంటుంది. తెరుచుకోనిది అతని నోరొక్కటే. ఒక వానరోజున ఎవరో తన గొడుగు పట్టుకుపోతుంటే, "జాగ్రత్తండీ, పిడి కాస్త వదులుగా ఉంటుంది" అని చెప్పి మరీ పంపించిన మనిషి. విమానంలో కిటికీ పక్కన కూర్చుని కింద సముద్రాన్ని చూడాలని అతనికి చిన్నప్పటి నుంచీ కోరిక. ఎప్పుడు ప్రయాణం పడ్డా కిటికీ సీటే తీసుకునేవాడు. ఎప్పుడు ఎక్కి చూసినా అందులో ఎవరి పిల్లాడో, ఎవరి బామ్మో కూర్చుని ఉండేవారు. "ఫర్వాలేదు" అని అతను నడవ పక్క సీట్లో కూర్చుని, ప్రయాణమంతా వాళ్ళ తల వెనక భాగం చూస్తూ గడిపేవాడు.

ఈసారి అలా కుదరదు. షాపు యజమాని షిమోజో గారు బాగా పెద్దవారైపోయారు. పిల్లల్లేరు. "షాపు నువ్వే తీసుకోవయ్యా" అని సెయిజితో అన్నారు. యాత్ర నుంచి తిరిగి రాగానే జవాబు చెప్పాలి. తొమొయెకి ఆ షాపు మీద కొండంత ఆశ ఉంది, మొగుడి మీద మాత్రం గోరంత కూడా లేదు.

"తన సీటు తను అడగలేని మనిషి షాపేం నడుపుతాడండీ?" అంది ఆవిడ ఫలహారం దగ్గర. "వచ్చినవాడు గల్లాపెట్టె మీదెక్కి కూర్చున్నా మీరు టీ ఇస్తారు. ఇవాళ తేలిపోవాలి. మీరు మీ సీట్లో కూర్చుంటే షాపు తీసుకుందాం. లేకపోతే వద్దని చెప్పేద్దాం. రండి, ఒకసారి అభ్యాసం చేద్దాం."

ఆవిడ సెయిజిని లేపి, అతను కూర్చున్న మెత్త మీద తను కూర్చుంది. "నేను ఎవరో బామ్మని. లేపండి చూద్దాం."

సెయిజి గొంతు సవరించుకున్నాడు. "మన్నించాలి బామ్మగారూ, ఇది..."

"మోకాళ్ళు ఒకటే పోటు బాబూ" అంది తొమొయె, ముసలి గొంతు పెట్టి.

"అయ్యయ్యో, కూర్చోండి, కూర్చోండి!"

"ఫెయిలు" అంది తొమొయె. ఆవిడ ఆ మెత్త మీంచి లేవలేదు. సెయిజి నిలబడే మిసో సూప్ తాగేశాడు.

విమానాశ్రయంలో పిలుపు వచ్చాక ఆవిడ అతన్ని ముందు పంపింది. "నేను అందరికంటే ఆఖర్న వస్తాను. వచ్చేసరికి ఐదో వరుస కిటికీ దగ్గర మీ మొహం కనపడాలి. పక్క సీటు నాది. అంతే."

అది చిన్న ప్రొపెల్లర్ విమానం. నడవకి అటు రెండు, ఇటు రెండు సీట్లు, తలుపు తోక వైపు. సెయిజి మెట్లెక్కి, "ఇది నా సీటండీ, ఇది నా సీటండీ" అని నోట్లోనే గొణుక్కుంటూ ముందుకి నడిచాడు. ఐదో వరుసకి వచ్చాడు. కిటికీ పక్కన, ఊదా రంగేసిన జుట్టుతో, కొండలెక్కే వాళ్ళ టోపీతో, ఒక బామ్మ కూర్చుని ఉంది. పక్క సీట్లో ఆవిడ స్నేహితురాలు హత్తా.

"మన్నించాలి" అన్నాడు సెయిజి.

"వచ్చావా నాయనా!" అంది బామ్మ, అతని కోసమే ఎదురుచూస్తున్నట్టు. "ఈ సంచీ కాస్త పైన పెట్టు. నా చెయ్యి అందట్లేదు. హత్తా, నీది కూడా ఇవ్వు, అబ్బాయి పెడతాడు."

సెయిజి రెండు సంచులూ పైన అరలోకి సర్దాడు. కిందకి తిరిగి, "బామ్మగారూ, ఇది..." అని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో బామ్మ నల్లబెల్లం జీడి మిఠాయి ఒకటి పడేసింది.

"తిను నాయనా. మా ఒసాకా అబ్బాయిలు బంగారాలు. ఈ ఒగినో ముసలిదాని మాట ఎవరూ కాదనరు."

ఆ జీడి మామూలుది కాదు. పై పళ్ళకీ కింది పళ్ళకీ ఒకేసారి అతుక్కుంది. సెయిజి "ఊఁ" అనగలిగాడు, అంతే. బామ్మ దాన్ని కృతజ్ఞతగా తీసుకుని, అతని చేతి మీద తట్టి, కిటికీ వైపు తిరిగింది.

అతను వెనక్కి చూశాడు. నడవ నిండా జనం ఎదురొస్తున్నారు. జీడి కరిగేదాకా ఎక్కడో ఒకచోట కూర్చుందామనుకుని, ఎనిమిదో వరుసలో నడవ పక్కన ఖాళీగా కనిపించిన సీట్లో కూలబడ్డాడు.

ఆ సీటు కుసునోకి అనే కుర్ర మాస్టారుది. దీవిలో బడికి కొత్తగా వేశారు. అతను వచ్చి, తన టికెట్టు చూసి, నెరిసిన జుట్టున్న సెయిజిని చూసి, వంగి నమస్కారం చేశాడు. నోరు తెరవలేని సెయిజి నవ్వుతూ తల ఊపాడు. పెద్దాయన వెళ్ళమంటున్నారు కాబోలనుకుని మాస్టారు తొమ్మిదో వరుసలో కూర్చున్నాడు. ఆ సీటు ఉషియో అనే కలప వ్యాపారిది. ఉషియో భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. మాస్టారు లేవబోతుంటే భుజం పట్టి కూర్చోబెట్టాడు. "కూర్చోవోయ్, కూర్చో! ఎక్కడ కూర్చున్నా దిగేది ఒకసారే కదా!" అని, తను పదో వరుసలో ఒక కొత్త పెళ్ళికూతురి పక్కన కూర్చున్నాడు. పెళ్ళికొడుకు సామాను సర్దుకుని వచ్చి చూసేసరికి, భార్య పక్కన అంత పెద్ద మనిషి కళ్ళు మూసుకుని హాయిగా ఉన్నాడు. లేపడానికి మనసొప్పక ఆ అబ్బాయి వెనక, పదకొండో వరుసలో కూర్చుని, భార్య జడ వంక దీనంగా చూడసాగాడు.

ఎవరూ నోరు మెదపకుండా ఉంటే విమానం అలాగే ఎగిరిపోయేది. కానీ ఆఖర్న తొమొయె ఎక్కింది.

భార్య బూట్ల చప్పుడు సెయిజికి బాగా తెలుసు. జీడి ఇంకా కరగలేదు. ముందున్న జేబులోంచి పత్రిక లాగి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తొమొయె అతన్ని దాటుకుని ఐదో వరుసకి వెళ్ళి చూసింది. ఊదా జుట్టు. పక్కన ఇంకో టోపీ. మొగుడు లేడు.

"పారిపోయారు!" అంది తొమొయె గట్టిగా.

ఎయిర్‌హోస్టెస్ పరుగెత్తుకొచ్చింది. "ఎవరండీ?"

"మా ఆయన. హనబుసా. సీటు అడగాలన్న భయంతో దిగి పారిపోయి ఉంటారు. నేనే ఎక్కువ బెదిరించాను!"

ఎయిర్‌హోస్టెస్ తన దగ్గరున్న పేర్లు చూసుకుని, నమ్మకంగా బామ్మ వైపు వంగింది. "హనబుసా గారేనాండీ?"

ఒగినో బామ్మకి కుడి చెవి కాస్త మందం. "ఆఁ, బాగున్నానమ్మా" అంది.

"ఇదిగోనండీ, హనబుసా గారు ఇక్కడే ఉన్నారు" అంది ఎయిర్‌హోస్టెస్ సంతోషంగా.

"ఈవిడా మా ఆయన?" అంది తొమొయె. "ఇన్నేళ్ళు కాపురం చేశానమ్మా, ఆ మాత్రం గుర్తుపట్టనా?"

అప్పటికి పదకొండో వరుసలో ఒక సీటు ఖాళీగా కనిపిస్తూనే ఉంది. నిలబడి ఉన్న తొమొయెని లెక్కలో వేసుకోవాలని ఎవరికీ తట్టలేదు, దాంతో ఒక మనిషి తగ్గాడన్న మాట ఖాయమైపోయింది. మనిషి లేకుండా అతని సామాను ఎగరకూడదు. ఎయిర్‌హోస్టెస్ ముందుకెళ్ళి కెప్టెన్‌తో చెప్పింది, కెప్టెన్ కింద ఉన్నవాళ్ళతో చెప్పాడు. కొద్దిసేపటికి కింద సామాను బండి తిరిగొచ్చింది.

సెయిజి పత్రిక అంచు మీంచి, పక్కాయన భుజం మీంచి, కిటికీలోకి చూశాడు. పెట్టెలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. వాటిలో తన గోధుమ రంగు పెట్టె ఒకటి బండి మీద బోర్లా పడింది. అతను లేచి నిలబడి చేతులూపాడు. "ఊఁ! ఊఁ! ఊఁ!"

"అయ్యో, గొంతులో ఏదో అడ్డం పడింది! డాక్టరుగారు ఎవరైనా ఉన్నారా?" అని ఎయిర్‌హోస్టెస్ కేకేసింది.

డాక్టరు లేరు. ఉషియో ఉన్నాడు. దుంగలెత్తే చేత్తో వచ్చి, సెయిజి వీపు మీద ఒక్కటి చరిచాడు. జీడి కడుపులోకి దిగిపోయింది. దాంతోపాటు చిన్నప్పటి నుంచీ గొంతులో అడ్డంగా ఉన్నదేదో కూడా కదిలింది.

"హనబుసాని నేనే!" అని అరిచాడు సెయిజి.

విమానమంతా అతని వైపు తిరిగింది. తొమొయె మొహంలో ముందు ప్రాణం వచ్చింది, వెంటనే కోపం వచ్చింది. "బతికే ఉన్నారా! మరి ఎనిమిదో వరుసలో ఏం చేస్తున్నారు?"

"కాసేపు... కూర్చున్నాను."

"అది నాదండీ" అన్నాడు మాస్టారు, తొమ్మిదో వరుస నుంచి చెయ్యెత్తి.

"నువ్వు కూర్చున్నది నాదోయ్" అన్నాడు ఉషియో.

"మీరు కూర్చున్నది నాది" అన్నాడు పెళ్ళికొడుకు, ధైర్యం చేసి. పెళ్ళికూతురు ఏడుపు మొహంతో అవునని తల ఊపింది.

అప్పుడు కెప్టెన్ గొంతు వినిపించింది. ఇది చిన్న విమానమని, దయచేసి అందరూ ఎవరి సీట్లోకి వాళ్ళు వెళ్ళాలని, అందాకా కదిలేది లేదని చెప్పాడు. మారినవాళ్ళే కాదు, మారనివాళ్ళు కూడా అనుమానమొచ్చి లేచారు. సన్నటి నడవలో ఇందరు ఒకేసారి నిలబడితే ఇంకేముంది? "మీరు ముందు వెళ్ళండి." "అబ్బే, మీరు వెళ్ళండి." వంగి ఒకరినొకరు మన్నించమంటుంటే వెనకవాళ్ళ నడుములకి ముందువాళ్ళ తలలు తగిలాయి. తగిలినందుకు మళ్ళీ మన్నింపులు.

"అసలు ఎవరయ్యా మొదలెట్టింది?" అన్నాడు ఉషియో, ఎవరి మోచెయ్యో తన చంకలోంచి తీస్తూ.

పెళ్ళికొడుకు ఉషియోని చూపించాడు. ఉషియో మాస్టారుని చూపించాడు. మాస్టారు వేలు చూపించలేక, మర్యాదగా అరచేతిని సెయిజి వైపు చాపాడు. అందరి చూపూ వచ్చి సెయిజి మీద ఆగింది. సెయిజి ఐదో వరుస వంక చూశాడు. అక్కడ ఈ గోలతో ఏ సంబంధమూ లేనట్టు ఒగినో బామ్మ కిటికీ అద్దం మీద వేలితో బొమ్మ గీసుకుంటోంది.

తొమొయె నడవ మధ్యలో నిలబడి, కళ్ళార్పకుండా మొగుణ్ణే చూస్తోంది.

"బామ్మగారూ" అన్నాడు సెయిజి. గొంతు బయటికి రాకుండానే ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. ఆగలేదు. "ఆ సీటు నాది. పక్కది మా ఆవిడది. నాకు సముద్రం చూడాలని ఉంది. మీరు లేవాలి!"

బామ్మ మెల్లగా తల తిప్పింది.

"అయ్యో, ఆ మాట ముందే చెప్పొచ్చుగా నాయనా?"

"చెప్పనిచ్చారా? నోరు తెరిస్తే జీడి కుక్కారు!"

"నాకేం తెలుసు? టికెట్టులో ఏం రాసుందో చూద్దామంటే టికెట్టూ కళ్ళద్దాలూ సంచీలో ఉన్నాయి. ఆ సంచీ నువ్వేగా పైకెక్కించావు!"

ఉషియో పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి పెళ్ళికూతురు కూడా నవ్వేసింది. సంచీ దింపి చూస్తే బామ్మదీ, హత్తాదీ పదకొండో వరుస. సెయిజి ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక దాకా నడిపించాడు. "గొంతు బాగుందయ్యా, ఇంత చెవిటిదానికీ వినపడింది" అని మెచ్చుకుని, బామ్మ ఇంకో జీడి చేతిలో పెట్టింది. ఈసారి అతను దాన్ని జేబులో వేసుకున్నాడు. పెళ్ళికొడుకు భార్య పక్కకి చేరాడు. కిందికి దింపిన పెట్టెలన్నీ మళ్ళీ ఎక్కాయి. విమానం బాగా ఆలస్యంగా కదిలింది గానీ, ఎవరూ విసుక్కోలేదు.

మబ్బు లేని రోజు. తీరం వెనకబడ్డాక కింద సముద్రం పరుచుకుంది. చేపల పడవల వెనక తెల్లటి గీతలు కూడా కనిపిస్తున్నాయి. సెయిజి నుదురు అద్దానికి ఆనించి, తొమొయె పక్కనుందన్న సంగతి కూడా మర్చిపోయి చూశాడు.

"ఏమైతేనేం, అడిగారు" అంది తొమొయె. ఆవిడ గొంతులో గర్వం దాగలేదు. "తిరిగి వెళ్ళగానే షిమోజో గారికి సరేనని చెప్పేద్దాం. షాపు మనదే."

సెయిజి అద్దం మీంచి నుదురు తీశాడు. "నాకు షాపు వద్దు."

"ఏంటి?"

"వద్దు. నాకు తాళంచెవులు అరగదీయడం ఇష్టం. లెక్కలు చూడ్డం, బేరాలాడ్డం ఇష్టం లేదు. మొదటి నుంచీ లేదు. నువ్వు అంత ఆశ పెట్టుకున్నావని చెప్పలేకపోయాను." ఊపిరి తీసుకున్నాడు. "ఇంకోటి కూడా ఉంది. రోజూ పొద్దున నువ్వు పెట్టే ఆ పులియబెట్టిన సోయాగింజల నత్తో, మీ ఊళ్ళో ఎంత గొప్పదో నాకు తెలీదు గానీ, జిగటా, ఆ వాసనా... పెళ్ళయిన మర్నాటి నుంచీ ఊపిరి బిగబట్టి తింటున్నాను."

తొమొయె అతని మీంచి వంగి సముద్రం వైపు చూసింది. విమానం ఒక చిన్న దీవి మీంచి వెళ్ళింది. సెయిజికి అన్న మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

"నత్తో నేనొక్కదాన్నే తింటాను" అంది ఆవిడ ఆఖరికి. "షాపు నేను తీసుకుంటాను. లెక్కలు నావి, బేరాలు నావి. మీరు వెనక గదిలో మీ తాళంచెవులు మీరు చేసుకోండి. ఒప్పుకుంటారా?"

సెయిజికి అంతకంటే మంచి ఏర్పాటు తోచలేదు. "ఒప్పుకుంటాను" అన్నాడు, మనస్ఫూర్తిగా.

"అయితే ఇకనుంచి నేనే యజమానురాల్ని. నేను చెప్పినట్టు వినాలి."

పెద్ద తేడా ఏమీ ఉండదని సెయిజికి అనిపించింది గానీ, ఆ ఒక్క మాట మాత్రం పైకి అనలేదు.